కృతజ్ఞతను కోరని చికిత్స

'శ్రద్ధ' అనే సంస్కృత పదాన్ని సాధారణంగా విశ్వాసమని అనువదిస్తారు. భాషాశాస్త్రజ్ఞులు దాని మూలాన్ని మరికొంత లోతుగా పరిశీలించి, 'హృదయాన్ని ఒకచోట నిలుపుట' అనే భావం అందులో నిక్షిప్తమై ఉన్నదని నిర్ణయించారు. లాటిన్ భాషలోని 'క్రేదో', ప్రాచీన ఐరిష్ భాషలోని 'క్రెతిమ్' అనే క్రియాపదాలు కూడా ఇదే మూలం నుండి జనించాయి. భారతదేశానికి సుదూరంగా, అట్లాంటిక్ మహాసముద్రపు అంచున ఉన్న ఐర్లండు ద్వీపంలో, ఐరిష్ మాతృభాషగా గల ఒక రైతు "నమ్ముతున్నాను" అని పలికిన ప్రతిసారీ, శ్రద్ధకు తోబుట్టువైన పదాన్నే తనకు తెలియకుండా ఉచ్చరిస్తున్నాడు.

హృదయాన్ని నిలిపినంత మాత్రాన అది క్షేమంగా ఉంటుందా? శ్రద్ధను రక్షించేది ఏది, దానిని భ్రష్టం చేసేది ఏది? ఈ ప్రశ్నలు ప్రతి సాధకునికీ ఏదో ఒక దశలో ఎదురవుతాయి. ఐర్లండు గ్రామసీమలలో తరతరాలుగా కొనసాగుతున్న సంప్రదాయ చికిత్సలు, మంత్రవైద్యాలు ఈ ప్రశ్నలకు తమదైన సమాధానాన్ని ఇస్తున్నాయి. ఆ సమాధానం ఏ గ్రంథంలోనూ సిద్ధాంతంగా రచింపబడలేదు. అది ఆ పల్లెవాసుల ఆచారంలో, ముఖ్యంగా వారు పాటించే నిషేధాలలో దాగి ఉన్నది.

ఆ దేశంలో ఇటువంటి చికిత్సాశక్తిని 'క్యూర్' అని వ్యవహరిస్తారు. ఫలానా వ్యక్తి వైద్యం చేస్తాడని అనరు. "ఆయన వద్ద క్యూర్ ఉన్నది" అంటారు. ఒకరి వద్ద అక్కికి, ఒకరి వద్ద కాలిన గాయాలకు, ఒకరి వద్ద పులిపిరులకు, మరొకరి వద్ద బెణుకుకు మాత్రమే ఉంటుంది. సర్వరోగాలకూ ఒకే వ్యక్తి వద్దకు పోయే పద్ధతి అరుదు. కావన్, మోనహన్ వంటి కౌంటీలలో ఈ ఆచారం నేటికీ సజీవంగా ఉన్నది. అక్కడ సాధారణంగా జరిగేది ఇలా ఉంటుంది.

సాయంసంధ్య వేళ ఒక తల్లి, చేతిపై తామర వచ్చిన తన బిడ్డను వెంటబెట్టుకొని, ఒక వృద్ధ రైతు ఇంటికి వస్తుంది. ఆ ఇంటికి వైద్యశాల గుర్తు ఏదీ ఉండదు. దారి చెప్పినది పొరుగువారే. రైతు పశువుల కొట్టం నుండి వచ్చి, చేతులు కడుగుకొని, బిడ్డను దగ్గరకు పిలుస్తాడు.

"డాక్టరుకు చూపించావా అమ్మా?"

"చూపించానండీ. ఇచ్చిన మందు రాస్తున్నాను."

"మంచిది. అది మానవద్దు."

అంతే సంభాషణ. అతడు బొటనవేలితో ఆ మచ్చపై శిలువ గుర్తు వేసి, పెదవులు మాత్రమే కదులుతుండగా ఏదో జపిస్తాడు. మూడు పర్యాయాలు రావాలని, ఏ వారాలలో రావాలో చెబుతాడు. తల్లి లేచి గుమ్మం వరకు నడుస్తుంది. ఆమె హృదయం నిండుగా ఉన్నది. నాలుక చివరకు ఒక మాట వచ్చింది. కాని ఆమె దానిని ఆపుకొని, "వెళ్ళివస్తామండీ" అని మాత్రం అంటుంది. ఎందుకంటే క్యూర్ పొందినవారు ధన్యవాదం చెప్పరాదు. డబ్బు ఇవ్వరాదు. ఇస్తే చికిత్స ఫలించదని, కొన్నిచోట్ల ఆ శక్తియే అతనిని విడిచిపోతుందని నమ్మకం.

బాహ్యదృష్టికి ఇది వింతగా, అమర్యాదగా సైతం తోచవచ్చు. కాని కర్మయోగాన్ని అధ్యయనం చేసినవారికి దీని ఆంతర్యం సులభంగా బోధపడుతుంది. ధన్యవాదం ఒక వ్యక్తిని కర్తగా నిలబెడుతుంది. "నీవు చేశావు" అని అవతలివారు పలికితే, "నేను చేశాను" అనే ప్రతిధ్వని లోపల పుట్టకమానదు. ఆ రైతు అర్జునుని పేరు విని ఉండడు; అయినా తాను నిమిత్తమాత్రుడనని ఎరుగును. స్వస్థత దైవానిదని, తన చేయి కేవలం మార్గమని ఆ సమాజం అతనికి బాల్యం నుండి నేర్పింది. అతడు మరచిపోయే అవకాశం లేకుండా, ఎదుటివారి నాలుకపైనే ఒక కట్టడి ఉంచింది. మానవుని అహంకారం ఎక్కడ తలెత్తుతుందో ఆ పల్లెవాసులకు చక్కగా తెలుసు.

మరొక నియమం ఉన్నది. క్యూర్ కలిగినవాడు తనంతట తాను చికిత్స చేస్తానని ముందుకు రారాదు. రోగి గాని, రోగి తరఫువారు గాని వచ్చి అడగాలి. అడగనివానికి విద్యను చెప్పరాదనే భారతీయ శాస్త్రమర్యాదను ఇది స్ఫురింపజేస్తుంది. అడగడంలో ఒక వినయం ఉన్నది. అడిగించుకొన్నప్పుడు కాదనకుండా ఇవ్వడంలో ఒక బాధ్యత ఉన్నది. అర్ధరాత్రి తలుపు తట్టినా ఆ రైతు లేచి రావలసిందే.

ఈ శక్తి ఎవరికి లభిస్తుందనే విషయం మరింత ఆలోచింపజేస్తుంది. ఏడవ కుమారునికి ఏడవ కుమారుడై పుట్టినవానికి అది జన్మతః ఉంటుందని ప్రసిద్ధి. వివాహానంతరం కూడా ఇంటిపేరు మారని స్త్రీ, అనగా తన పుట్టింటి పేరే కలిగిన పురుషుని పెండ్లాడిన స్త్రీ, స్వహస్తంతో ఇచ్చిన రొట్టె తింటే కోరింత దగ్గు తగ్గుతుందని విశ్వసించేవారు. బురదనేలలలో సంచరించే బల్లివంటి ఒక చిన్న ప్రాణిని నాలుకతో తాకినవానికి, కాలిన గాయాలను నాకి మాన్పే శక్తి వస్తుందని చెప్పేవారు. ఇక తండ్రి మరణించిన తరువాత జన్మించిన బిడ్డ, శిశువుల నోటిపూతకు వైద్యుడు. అతడు రోగియైన శిశువు నోటిలోకి మెల్లగా శ్వాస ఊదితే చాలునని నమ్మకం.

వీటిలో చాలావాటికి వైద్యశాస్త్రపరమైన ఆధారం లేదు. అయినా తండ్రి ముఖం చూడని ఆ బిడ్డ గురించి ఒక క్షణం ఆలోచించాలి. ఇతర సమాజాలలో అటువంటి బిడ్డ పుట్టుక అశుభసూచకంగా ముద్రపడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఐర్లండు పల్లెలు అతని నష్టాన్ని పూజ్యస్థానంగా మార్చాయి. అనాథయైనవాని ఇంటికి ఊరి తల్లులందరూ తమ శిశువులను ఎత్తుకొని వచ్చారు. అతని ఊపిరిలో ఔషధం ఉన్నదో లేదో గాని, ఆ ఆచారంలో కరుణ ఉన్నది.

క్యూర్‌లో పలికే మాటలను ఐరిష్ భాషలో 'ఓర్హ' అంటారు. ప్రార్థన అనే అర్థం గల లాటిన్ పదం 'ఒరాతియో' నుండి అది వచ్చింది. మంత్రానికి, ప్రార్థనకు ఆ భాషలో మధ్య గోడ లేదన్నమాట. పంటినొప్పి మంత్రంలో సెయింట్ పీటర్ ఒక రాతిపై కూర్చొని బాధపడుతూ ఉండగా క్రీస్తు వచ్చి కారణం అడుగుతాడు. రక్తస్రావాన్ని ఆపే మంత్రాన్ని, రోగి పేరు తెలిసినచో, దూరం నుండి కూడా పఠించవచ్చునంటారు. బెణుకుకు ముడులు వేసిన దారాన్ని మంత్రించి అవయవానికి కడతారు.

ఈ మంత్రాలు క్రైస్తవ నామాలను ధరించినా, వాటి మూలాలు అంతకుముందే ఉన్నవి. స్విట్జర్లండులోని సెయింట్ గాల్ మఠంలో భద్రపరచబడిన, ఎనిమిది లేక తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఒక వ్రాతప్రతిలో ప్రాచీన ఐరిష్ మంత్రాలు కొన్ని ఉన్నాయి. వాటిలో క్రైస్తవ పూర్వకాలపు దేవవైద్యుడైన డియాన్ కేఖ్ట్ నామం స్మరింపబడింది. క్రైస్తవ సన్న్యాసులు పాతదేవతను తరిమివేయక, అతని లేపనాన్ని తమ పుస్తకంలో ఒక మూల దాచుకొన్నారు.

ఇక్కడ భారతీయ పాఠకుడు ఆగి చూడవలసిన ఒక విశేషం ఉన్నది. అథర్వవేదం నాల్గవ కాండలోని పన్నెండవ సూక్తం, విరిగిన ఎముకను అతికించే 'రోహణి' అనే ఓషధిని స్తుతిస్తుంది. మజ్జ మజ్జతో, మాంసం మాంసంతో, చర్మం చర్మంతో కలియవలెనని ఆ ఋషి ప్రార్థన. శిల్పి రథభాగాలను అమర్చినట్లుగా దేహభాగాలు మరల అమరవలెనని అతని ఉపమానం. జర్మనీలోని మెర్సెబర్గ్‌లో లభించిన పదవ శతాబ్దపు వ్రాతప్రతిలో, కాలు బెణికిన గుర్రానికి చేసిన మంత్రం ఇదే క్రమంలో సాగుతుంది. ఈ సాదృశ్యాన్ని 1864లోనే ఆడాల్బెర్ట్ కూన్ అనే జర్మన్ పండితుడు లోకానికి చూపాడు. ఐర్లండు పురాణగాథలో కూడా తెగిన చేతిని అతికించే సమయంలో కీలు కీలుతో, నరం నరంతో కలిసే మంత్రమే పఠింపబడుతుంది. ఇది ఒకే ప్రాచీన వారసత్వమా, లేక గాయపడిన మానవుడు ఎక్కడైనా ఇలాగే ప్రార్థిస్తాడా అనే చర్చ పండితుల మధ్య ఉన్నది. ఏ పక్షం నిజమైనా, విడిపోయినది తన స్వస్థానానికి చేరుటయే స్వస్థత అనే దర్శనం అన్నిచోట్లా సమానంగానే ఉన్నది. 'స్వస్థుడు' అంటే తనయందు తాను నిలిచినవాడు అని గదా సంస్కృతంలో అర్థం.

ఆచారాలలోనూ ఇటువంటి బంధుత్వం కనిపిస్తుంది. ఐర్లండులో సుమారు మూడు వేల పవిత్ర జలకూపాలు ఉన్నాయని లెక్క. క్లేర్ కౌంటీలో లిస్కానర్ సమీపాన సెయింట్ బ్రిజిడ్ కూపం, డొనెగాల్‌లోని డూన్ కూపం వాటిలో సుప్రసిద్ధాలు. భక్తులు జపం చేస్తూ కూపానికి కుడివైపుగా తిరుగుతారు. ఈ గమనాన్ని 'దెషల్' అంటారు. అందులోని 'దెస్' అనే ప్రాచీన పదానికి కుడి అనీ, దక్షిణదిక్కు అనీ రెండర్థాలు. సంస్కృతంలోని 'దక్షిణ' శబ్దానికీ అవే రెండర్థాలు. రెండూ ఒకే ధాతువు సంతానం. ఆ జలకూపం చుట్టూ తిరిగే వృద్ధురాలు చేస్తున్నది పేరుకూ, తీరుకూ ప్రదక్షిణమే. కూపం పక్కన ఉన్న చెట్టుకొమ్మకు గుడ్డపేలిక కట్టి, అది శిథిలమైనట్లే రోగమూ నశించవలెనని కోరుకొంటారు. జనవరి 31వ తేదీ రాత్రి ఇంటి వెలుపల ఒక వస్త్రాన్ని ఉంచుతారు. ఆ రాత్రి సెయింట్ బ్రిజిడ్ సంచరిస్తూ దానిని స్పృశిస్తుందని, తరువాత ఏడాది పొడవునా అది తలనొప్పికి ఉపశమనమిస్తుందని విశ్వాసం.

ఇంతవరకు శ్రద్ధ వెలుగు. దాని నీడను కూడా ఆ దేశపు గాథలు దాచలేదు.

మోయ్‌తురా యుద్ధగాథలో నువాదా అనే రాజుకు యుద్ధంలో చేయి తెగిపోతుంది. దేవవైద్యుడు డియాన్ కేఖ్ట్ అతనికి వెండిచేయి అమర్చుతాడు. వైద్యుని కుమారుడు మియాఖ్ అంతటితో తృప్తి చెందక, తొమ్మిది అహోరాత్రాలు శ్రమించి రక్తమాంసాలతో కూడిన చేతినే మరల అతికిస్తాడు. కుమారుని విద్య తనను మించిపోవడం తండ్రి సహించలేకపోయాడు. ఖడ్గంతో శిరస్సుపై మూడుసార్లు కొట్టాడు. మూడుసార్లూ కుమారుడు తన గాయాన్ని తానే మాన్పుకొన్నాడు. నాల్గవ దెబ్బకు అతడు మరణించాడు. మియాఖ్ సమాధి నుండి అతని కీళ్ళు, నరాల సంఖ్యకు సరిగా 365 ఓషధులు మొలిచాయి. సోదరి అయిర్మెద్ తన ఉత్తరీయాన్ని పరచి, ఏ ఓషధి ఏ అవయవానికో గుర్తించి వరుసగా పేర్చింది. తండ్రి వచ్చి ఆ ఓషధులన్నిటినీ కలగాపులగం చేశాడు. అందువల్లనే వాటి సంపూర్ణ జ్ఞానం నేటికీ ఎవరికీ తెలియదని గాథ ముగుస్తుంది.

శిష్యుని చేత, కుమారుని చేత పరాజయాన్ని కోరుకొనుట గురువుకు శోభ అని భారతీయ సంప్రదాయం. డియాన్ కేఖ్ట్ వద్ద విద్య సంపూర్ణంగా ఉన్నది. లేనిది ఆ విద్య తనది కాదనే ఎరుక. "నాది" అనే ఒక్క భావన ఓషధీజ్ఞానాన్నే లోకానికి లేకుండా చేసింది. క్యూర్ చుట్టూ పల్లెవాసులు అల్లిన నిషేధాలన్నీ ఈ గాథలోని దోషానికి విరుగుడుగా నిలిచినట్లు తోస్తాయి.

పందొమ్మిదవ శతాబ్దంలో క్లేర్ కౌంటీలోని ఫీకిల్ ప్రాంతంలో బిడ్డీ ఎర్లీ అనే మూలికావైద్యురాలు నివసించింది. వైద్యునికి రుసుము చెల్లించలేని పేదలు దూరప్రాంతాల నుండి ఆమె గుమ్మానికి వచ్చేవారు. ఆమె నీలిరంగు సీసాలోకి చూసి రాబోయేది చెప్పేదని, డబ్బు తీసుకొనేది కాదని జనశ్రుతి. మతాధికారులు ఆమెను వ్యతిరేకించారు. 1865లో ఎనిస్ పట్టణంలో ఆమెపై వచ్చిన మంత్రవిద్యాభియోగం సాక్ష్యం లేక నిలువలేదు. అర్ధశతాబ్దం తరువాత, 1920లో లేడీ గ్రెగరీ ప్రచురించిన గ్రంథంలో కూడా ఆ ప్రాంతవాసులు ఆమెను గురించి భయభక్తులు కలిసిన స్వరంతోనే మాట్లాడారు.

ఆ భయమే వేరొకచోట ఘోరంగా పరిణమించింది. 1895 మార్చి నెలలో, టిప్పరరీ కౌంటీలోని బాలీవాడ్లీ గ్రామంలో బ్రిజెట్ క్లియరీ అనే ఇరవయ్యారేళ్ళ స్త్రీ జబ్బుపడింది. ఆమె కుట్టుపని చేసి స్వయంగా సంపాదించుకొనేది. వైద్యుడు వచ్చాడు, పురోహితుడూ వచ్చాడు. కాని భర్త మనస్సులో వేరొక అనుమానం పెరిగింది. అసలు భార్యను అదృశ్య గణాలు ఎత్తుకుపోయాయని, మంచంపై ఉన్నది ఆమె రూపంలోని వేరొకతె అని అతడు భావించాడు. మూలికలను పాలలో కాచి బలవంతంగా తాగించారు. బంధువులు ఆమెను కదలకుండా పట్టుకొన్నారు. నీవు నిజంగా బ్రిజెట్‌వేనా అని దైవనామంతో పదేపదే ప్రశ్నించారు. మరునాటి రాత్రి ఆమె భర్త చేతిలో అగ్నికి ఆహుతైంది. న్యాయస్థానం అతనికి ఇరవై సంవత్సరాల కఠినశిక్ష విధించింది.

సాధకులు ఈ సంఘటనను చూడకుండా ముఖం తిప్పుకొని పోరాదు. ఆ రైతు ఇంటిలో ఉన్న మూలికలు, దైవనామం, మూడుసార్లు చేసే క్రియ, ఇవన్నీ ఈ ఇంటిలోనూ ఉన్నాయి. భేదం ఎక్కడ? అక్కడ రోగి స్వయంగా వచ్చి అడిగింది. ఇక్కడ రోగి వద్దని అరిచింది. అక్కడ చికిత్సకుడు తన వశంలో ఏమీ లేదని ఎరిగినవాడు. ఇక్కడ భర్త తన భార్యను తిరిగి తన వశం చేసుకోవాలని పట్టుబట్టినవాడు. అక్కడ హృదయం దైవమందు నిలిచింది; ఇక్కడ అది భయమందు నిలిచింది. రూపం ఒకటే కావడం వల్లనే ప్రమాదం తీవ్రమైనది. శ్రద్ధకు వివేకం తోడు లేకపోతే, అది తామసమై హింసకు సాధనమవుతుంది. క్రియను చూసి శ్రద్ధను గుర్తించలేము. ఎదుట ఉన్న ప్రాణి క్షేమాన్ని అది కాంక్షిస్తున్నదా, లేక తన అభిప్రాయమే గెలవాలని కాంక్షిస్తున్నదా అని చూసి గుర్తించాలి.

ఈ విచారణకు చివరి దృష్టాంతం ఫెర్మనా కౌంటీలోని బోహో గ్రామం. అక్కడి చర్చి ఆవరణలో 1815లో దివంగతుడైన ఫాదర్ జేమ్స్ మెగర్ సమాధి ఉన్నది. తాను జీవించి ఉండగా మాన్పిన వ్యాధులను, తన మరణానంతరం తనను కప్పే మట్టి మాన్పుతుందని ఆయన చెప్పినట్లు ప్రతీతి. నాటి నుండి ప్రజలు ఆ సమాధిపై చిటికెడు మట్టిని గుడ్డలో మూటకట్టి తీసుకొనిపోయి, ప్రార్థించి, తలగడ కింద ఉంచుకొంటున్నారు. ఒక కఠిన నియమం ఏమంటే, నాల్గవ రోజులోగా ఆ మట్టిని తిరిగి తెచ్చి అక్కడే ఉంచాలి. దాచుకొనరాదు.

2018లో వేల్స్‌లోని స్వాన్‌సీ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి ఆ ప్రాంతపు మట్టిని పరీక్షించి, అందులో 'స్ట్రెప్టోమైసిస్' జాతికి చెందిన ఒక కొత్త సూక్ష్మజీవిని కనుగొన్నారు. మందులకు లొంగని రోగకారక క్రిములలో అత్యంత ప్రమాదకరమైన ఆరింటిలో నాలుగింటి వృద్ధిని అది ప్రయోగశాలలో నిరోధించింది. వాటిలో ఆసుపత్రులను భయపెట్టే ఎంఆర్ఎస్ఏ కూడా ఉన్నది. ఇది తెలిసి కొందరు సంప్రదాయం గెలిచిందని ఉత్సాహపడ్డారు. అంత తొందర అనవసరం. తలగడ కింద ఉంచిన మూట రోగాన్ని మాన్పుతుందని ఆ పరీక్ష నిరూపించలేదు. ప్రయోగశాలలో క్రిమిని నిరోధించిన పదార్థం ఔషధంగా మారడానికి సుదీర్ఘ మార్గం ఉన్నది. అయితే ఒక సత్యాన్ని కాదనలేము. ఆ మట్టిలో చూడదగినది ఏదో ఉన్నదనే సూచనను రెండు వందల ఏళ్ళు కాపాడినది ఆ పల్లెవాసుల శ్రద్ధయే. తీసుకొన్నది తిరిగి ఇవ్వాలనే నియమం వల్ల ఆ సమాధి మట్టి కరిగిపోక మిగిలింది. తండ్రి అసూయ చెల్లాచెదరు చేసిన ఓషధులు ఒక సమాధిపై మొలిచాయి. దాచుకొనరాదనే మర్యాద వేరొక సమాధిపై మట్టిని నిలిపింది. అపరిగ్రహం యోగాంగమని పతంజలి మార్గం తెలిసినవారు ఇక్కడ దాని ఫలాన్ని ప్రత్యక్షంగా చూడవచ్చు.

1937 నుండి 1939 వరకు ఐరిష్ జానపద సమితి ఒక మహాకార్యాన్ని నిర్వహించింది. సుమారు ఐదు వేల ప్రాథమిక పాఠశాలల బాలబాలికలు తమ ఊరి పెద్దల వద్ద కూర్చొని, వారు చెప్పినవి రాసుకొన్నారు. స్థానిక చికిత్సలు కూడా ఆ అంశాలలో ఒకటి. దాదాపు 7,40,000 పుటల ఆ సంపద నేడు డబ్లిన్‌లోని విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నది. అందులో మూలికల పేర్లు, దినాలు, సంఖ్యలు, ఆచారాలు ఉన్నాయి. కాని అసలు మంత్రాలు కలిగిన వృద్ధులలో ఎందరో వాటిని చెప్పలేదు. క్యూర్ అందరికీ ప్రకటించేది కాదు; యోగ్యుడైన ఒకరికి అప్పగించేది. కొన్ని కుటుంబాలలో అది పురుషుని నుండి స్త్రీకి, స్త్రీ నుండి పురుషునికి మాత్రమే సంక్రమించాలి. అప్పగించిన తరువాత ఇచ్చినవారి వద్ద అది మిగలదని కూడా కొందరి విశ్వాసం.

కావన్ కౌంటీలోని ఆ వృద్ధ రైతు వంటివారికి నేడు ఎదురవుతున్న చింత ఇదే. పిల్లలు నగరాలకో, సముద్రాల అవతలకో వెళ్ళిపోయారు. ఇవ్వవలసినది ఉన్నది, స్వీకరించే చేయి దగ్గర లేదు. ఎవరో ఒక కుమార్తె సెలవులకు వచ్చినప్పుడు, వంటింటిలో ఆమెను ఎదుట కూర్చోబెట్టుకొని ఆ నాలుగు పంక్తులు చెప్పాలి. చెప్పిన క్షణం నుండి తన వద్దకు ఇక ఎవరూ రారు. ఇన్నేళ్ళ గౌరవం ఆమెతో వెళ్ళిపోతుంది. అయినా చెప్పాలి. తన జీవితమంతా ధన్యవాదం వినకుండా ఇచ్చినవానికి, ఈ చివరి దానం కష్టం కాకపోవచ్చు. ఆ అభ్యాసమే అతనిని దీనికి సిద్ధం చేసింది.

ఆ మంత్రం తామరను మాన్పుతుందా అనే ప్రశ్నకు సమాధానం వైద్యుడు చెప్పాలి. రోగం ప్రబలినప్పుడు ఆయన వద్దకే పోవాలి. ఆ రైతు కూడా అదే చెప్పాడు. కాని ఆ మంత్రం చెప్పేవాని అహంకారాన్ని మాన్పుతుందా అని అడిగితే, ఆ నిశ్శబ్దపు గుమ్మం వద్ద నిలబడి చూడమని చెప్పవచ్చు. ఇచ్చినవాడు ఏమీ పుచ్చుకోలేదు. పొందినవారు ఏమీ పలకలేదు. వారి మధ్య ఋణం లేదు. దీపం వెలిగించిన అగ్గిపుల్ల ఆరిపోయినట్లు, అతడు మరల తన పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

స్వస్తి.